ఉన్న ఊరే ఊతకర్ర

మహాభారతంలోని అరణ్యపర్వంలో కౌశికుడనే బ్రాహ్మణుని కథ ఉంది. వేదాధ్యయనం మీది మక్కువతో అతడు తల్లిదండ్రుల అనుమతి లేకుండానే ఇల్లు విడిచి వెళ్ళాడు. కోపంతో తలయెత్తి చూస్తే చెట్టు మీది కొంగ నేలకూలేటంతటి తపశ్శక్తి సంపాదించాడు. అయినా ధర్మసూక్ష్మం తెలుసుకోవడానికి, ఒక గృహిణి చెప్పిన మాట విని, మిథిలానగరంలో మాంసం అమ్ముకొని జీవించే ధర్మవ్యాధుని దగ్గరకు పోవలసి వచ్చింది. ధర్మవ్యాధుడు అతనికి ధర్మాలు బోధించడంతో సరిపెట్టలేదు. తన ఇంటికి వెంటబెట్టుకొని వెళ్ళాడు. అక్కడ భోజనం ముగించి సుఖంగా కూర్చొని ఉన్న తన ముసలి తల్లిదండ్రులను చూపి, తన జ్ఞానానికి వారి సేవయే మూలమన్నాడు. కొడుకు కోసం దుఃఖించి దుఃఖించి కౌశికుని తల్లిదండ్రులు చూపు కోల్పోయారని, ముందుగా వారి దగ్గరకు వెళ్ళమని చెప్పి సాగనంపాడు.

ఈ కథలో గమనించదగిన విషయాలు రెండున్నాయి. మొదటిది, ధర్మవ్యాధుని తల్లిదండ్రులు తమ ఇంట్లోనే, తమవారి నడుమనే ఉన్నారు. రెండవది, కౌశికుడు దుర్మార్గుడు కాడు. చదువు కోసమే ఇల్లు విడిచాడు. నేటి సమాజంలో తల్లిదండ్రులను విడిచి దూరం వెళ్ళిన కొడుకులలో, కూతుళ్ళలో ఎక్కువమంది ఇటువంటి కౌశికులే. చదువు కోసం, ఉద్యోగం కోసం, బతుకుతెరువు కోసం వెళ్ళినవారే. కౌశికుడు వెనుదిరిగి ఇల్లు చేరగలిగాడు. వీరందరూ చేరగలరా? చేరలేనప్పుడు ఇంటి దగ్గర మిగిలిన పెద్దలను కనిపెట్టుకొని ఉండవలసినవారెవరు? ఈ ప్రశ్నకు సమాధానం వెదకవలసిన కాలం వచ్చింది.

ఈనాటి కౌశికుల ఇళ్ళను చూడటానికి మిథిల దాకా పోనక్కరలేదు. హైదరాబాదుకు ఉత్తరపు శివారున, మేడ్చల్ పట్టణాన్ని ఆనుకొని ఉన్న అత్వెల్లి వంటి ఊరు చాలు. హైదరాబాదు నుంచి నాగపూర్ వైపు సాగే 44వ నంబరు జాతీయ రహదారి ఆ ప్రాంతాన్ని తాకుతూ పోతుంది. నగరాన్ని చుట్టివచ్చే బాహ్యవలయ రహదారి మేడ్చల్ సమీపంలోనే ఈ దారిని దాటుతుంది. 2016 అక్టోబరు 11న మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా ఏర్పడింది. రహదారులు వచ్చినచోటికి కర్మాగారాలు, గిడ్డంగులు, ఇళ్ళ స్థలాలు రావడం సహజం. ఈ మార్పులో ఊళ్ళకు ఆదాయం పెరిగింది, భూమికి ధర పెరిగింది. కాని ఊరి నడిమిని ఉండే మనుషుల కూర్పు మారిపోయింది.

ఇటువంటి శివారు ఊళ్ళలో రెండు రకాల వృద్ధులు కనిపిస్తారు. తాతల కాలం నుంచి అక్కడే వ్యవసాయం చేసుకొని బతికినవారు ఒకరకం. పొలాలు అమ్ముడుపోయాయి, పిల్లలు నగరంలో కాపురాలు పెట్టారు, పాత పెంకుటింట్లో ముసలివారు మిగిలారు. కొత్త కాలనీలలో ఇల్లు కట్టుకొని వచ్చినవారు రెండవ రకం. వీరు ఉద్యోగ విరమణ తరువాత ఏదో ఒక జిల్లా నుంచి తరలి వచ్చారు. పిల్లలు అమెరికాలోనో, ఆస్ట్రేలియాలోనో ఉంటారు. ఒకరికి ఊరు ఉంది గాని చేతిలో సొమ్ము ఆడదు. మరొకరికి సొమ్ము ఉంది గాని ఊరు లేదు. ఇద్దరి మధ్య ఉన్నది ఒక వీధి దూరమే అయినా పలకరింపు లేదు. రాత్రి పొద్దుపోయాక ఒంట్లో బాగుండకపోతే ఇద్దరి భయమూ ఒక్కటే.

ఇది ఒక్క ఊరి సంగతి కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం భారతదేశంలో 60 ఏళ్ళు నిండినవారు 10 కోట్ల 38 లక్షలు. అంటే మొత్తం జనాభాలో 8.6 శాతం. 2050 నాటికి ప్రతి ఐదుగురిలో ఒకరు ఈ వయసువారై ఉంటారని ఐక్యరాజ్యసమితి జనాభా నిధి 2023లో వెలువరించిన నివేదిక అంచనా వేసింది. నేడు జూనియర్ కళాశాలలో చదివే విద్యార్థులు నడివయసుకు చేరేనాటికి వచ్చే పరిస్థితి ఇది. అంటే వృద్ధుల సమస్యగా కనిపిస్తున్న ఈ విషయం నిజానికి యువకుల భవిష్యత్తే.

వృద్ధులు కోరుకునేదేమిటి? ఆ కోరిక చాలా చిన్నది. తమ ఇంట్లో, తమ మంచం మీద, తమకు తెలిసిన ముఖాల మధ్య మిగిలిన కాలం గడపాలని కోరుకుంటారు. దీనిని మొండితనమని కొట్టిపారవేయడం తగదు. నలభై ఏళ్ళు తిరిగిన ఇంట్లో చీకటిలో కూడా కాలికి గడప ఎత్తు తెలుస్తుంది. వీధి చివరి దుకాణంవాడు డబ్బు లేకున్నా చక్కెర పొట్లం కట్టి ఇస్తాడు. దారిన పోయే పిల్లవాడు పేరు పెట్టి కాక, తాతా అనో అమ్మమ్మా అనో పిలుస్తాడు. చూపు మందగించి, జ్ఞాపకం తడబడుతున్న వయసులో ఈ పరిచితత్వమే సగం బలం. ఉన్న ఊరు కన్నతల్లి వంటిదన్న సామెత వృద్ధుల విషయంలో అక్షరాలా నిజం.

నా అన్నవారు లేనివారికి, ఉండీ ఆదరణకు నోచుకోనివారికి వృద్ధాశ్రమం గొప్ప నీడ. దానిని చులకన చేయరాదు. కాని ఇల్లూ ఊరూ ఉండి కూడా, కేవలం చూసే మనిషి లేడన్న కారణంతో ఒక వృద్ధుడు పెట్టె సర్దుకొని ఆశ్రమానికి పోవలసి వస్తే, అది ఆశ్రమం లోపం కాదు. ఆ వీధి లోపం.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదనడం న్యాయం కాదు. వృద్ధాప్యంలో ప్రజలకు సహాయం అందించే బాధ్యతను రాజ్యాంగంలోని 41వ అధికరణం గుర్తు చేస్తుంది. 1999లో వృద్ధుల కోసం జాతీయ విధానం వెలువడింది. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. పోషణ దొరకని తల్లిదండ్రులు ఈ చట్టం కింద ట్రిబ్యునల్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. నెలకు 10,000 రూపాయల దాకా భరణం ఇప్పించే అధికారం ట్రిబ్యునల్‌కు ఉంది. చట్టం అమలులోకి వచ్చిన తరువాత, తమను చూసుకోవాలన్న షరతుతో ఆస్తి రాసి ఇస్తే, పుచ్చుకున్నవారు ఆ షరతు తప్పినప్పుడు ఆ బదిలీని రద్దు చేయించుకోవచ్చు. గజం స్థలానికి కూడా ధర పలుకుతున్న నగర శివార్లలో ప్రతి వృద్ధుడూ తెలుసుకోవలసిన నియమమిది. తెలంగాణలో 2014 నవంబరులో మొదలైన ఆసరా పింఛను 1,000 రూపాయల నుంచి 2019లో 2,016 రూపాయలకు పెరిగింది. ఎందరో వృద్ధులకు అది మందుబిళ్ళల ఖర్చు, ఇంటి ఉప్పుపప్పుల ఖర్చు.

అయితే చట్టానికీ పింఛనుకూ ఒక హద్దు ఉంది. నెలకింత ఇమ్మని చట్టం కొడుకును ఆజ్ఞాపించగలదు. సాయంత్రం వచ్చి తల్లి పక్కన కాసేపు కూర్చొమ్మని ఆజ్ఞాపించలేదు. పింఛను బియ్యం కొనిపెట్టగలదు. వండలేని రోజున వండిపెట్టలేదు. అరిగిపోయిన వేలిముద్రను యంత్రం గుర్తించక చౌకధరల దుకాణం దగ్గర నిలబడిపోయిన ముసలమ్మకు డబ్బు కంటె ముందు కావలసింది, ఆమె పక్షాన మాట్లాడే ఒక మనిషి.

ఈ అవసరాన్ని స్పష్టంగా చూపే ఉదాహరణ మేడ్చల్ దారిలోనే ఉంది. ఆపదలో 108కి ఫోన్ చేస్తే అంబులెన్సు వచ్చే సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ప్రారంభమైంది. దాని ప్రధాన కార్యాలయం మేడ్చల్ దారిలోని దేవరయాంజాల్‌లో వెలసింది. అక్కడి నుంచి అత్వెల్లి ఎంతో దూరం కాదు. ఒంటరిగా ఉంటున్న ఒక వృద్ధురాలు తెల్లవారుజామున స్నానాల గదిలో కాలుజారి పడిందనుకుందాం. ఫోన్ మంచం మీద ఉంది. ఆమె లేవలేదు. అరిచినా గొంతు వీధిలోకి వినిపించదు. దేశంలో ఎన్నో రాష్ట్రాలకు విస్తరించిన అంతటి సేవ పక్కనే ఉన్నా, ఆ మూడంకెలు నొక్కే చేయి లేనిదే అది ఆమె దగ్గరకు రాలేదు. ఆమె వాకిట్లో ఈ రోజు కల్లాపి చల్లలేదని, ముగ్గు పడలేదని గమనించి తలుపు తట్టే ఎదురింటి మనిషే ఆ చేయి.

వృద్ధుల కోసమే ఏర్పడిన సహాయవాణి కూడా ఈ గడ్డ మీద పుట్టిందే. టాటా ట్రస్టులు, విజయవాహిని ఛారిటబుల్ ఫౌండేషన్ కలిసి నగరంలోని వృద్ధుల కోసం 2017లో హైదరాబాదులో దీనిని ప్రారంభించాయి. 2021 అక్టోబరు 1న, అంతర్జాతీయ వృద్ధుల దినోత్సవం నాడు, 14567 అన్న నంబరుతో అది దేశమంతటి వృద్ధులకూ అంకితమైంది. పింఛను వివరాలు, న్యాయ సలహా, మనసుకు ఊరట, వేధింపులకు గురైనవారికి సహాయం, దిక్కులేనివారిని సురక్షిత స్థానానికి చేర్చడం ఇందులోని పనులు. ఇది చాలా విలువైన సేవ. అయినా ఈ నంబరు ఉందని తెలియని వృద్ధులకు దానిని గోడ మీద పెద్ద అంకెలతో రాసిపెట్టేవారు కావాలి. వేధించేది సొంత కొడుకే అయినప్పుడు, పరువు పోతుందని నోరు మెదపని తల్లికి ధైర్యం చెప్పేవారు కావాలి. సహాయవాణికీ వృద్ధురాలికీ నడుమ పొరుగింటి వారధి తప్పదు.

పూర్వం ఊళ్ళలో ఈ వారధి ఉండేదని పెద్దలంటారు. అందులో సత్యం ఉంది. నాట్ల కాలంలో ఒకరి పొలానికి మరొకరు మారుపనికి వెళ్ళేవారు. చావు జరిగిన ఇంట పొయ్యి వెలగదని ఇరుగుపొరుగువారే అన్నం వండి తెచ్చేవారు. రచ్చబండ మీద రోజూ కూర్చునే ముసలాయన ఒకనాడు కనిపించకపోతే ఎవరో ఒకరు ఇంటికి వెళ్ళి కనుక్కునేవారు. కాని గతాన్ని కళ్ళు మూసుకొని కీర్తించడం కూడా సరికాదు. ఆనాటి సాయం కులం గీసిన గీతలు దాటేది కాదు. ఒక వాడలోని వృద్ధుని ఆకలి మరొక వాడకు పట్టేది కాదు. భర్త పోయిన స్త్రీకి శుభకార్యాలలో చోటుండేది కాదు. ఉమ్మడి కుటుంబంలో పెద్దల సేవ అంటే కోడలి వెట్టిచాకిరి అనే అర్థం. ఆ కోడలు ముసలిదైనప్పుడు ఆమె సంగతి అడిగినవారు తక్కువ. కాబట్టి పాత ఊరిని ఉన్నదున్నట్లు తిరిగి తెచ్చుకోనక్కరలేదు. అందులోని ఆత్మీయతను నిలుపుకొని, అన్యాయాన్ని వదులుకోవాలి. ఎవరి దయ మీదనో ఆధారపడిన సాయాన్ని, వంతులవారీగా క్రమం తప్పక సాగే కర్తవ్యంగా మార్చుకోవాలి.

ఇది ఆచరణలో సాధ్యమేనని కేరళ నిరూపించింది. కోజికోడులో 1993లో, తీవ్ర రోగులకు బాధానివారణ అందించడానికి ఒక సంస్థ ఏర్పడింది. ఆసుపత్రిలో ఉండి చేసే సేవ చాలదని గ్రహించిన అక్కడివారు, ఆ తరువాతి కాలంలో పొరుగువారితో కూడిన సేవావలయాలను నెలకొల్పారు. వారానికి రెండు గంటలు కేటాయించగల సామాన్యులు శిక్షణ పొంది, తమ వీధిలో మంచం పట్టినవారిని కనిపెట్టుకొని ఉంటారు. నర్సు ఇంటికి వచ్చి పుండు కడిగి కట్టు కడితే, పొరుగువారు బియ్యం తెచ్చిపెడతారు, మాట్లాడతారు, మందులు అయిపోతే కబురు చేస్తారు. 2008లో కేరళ ప్రభుత్వం దీనిని తన విధానంగా స్వీకరించింది. అమెరికాలోని బోస్టన్ నగరంలో, బీకన్ హిల్ అనే పేటలోని వృద్ధులు రెండు దశాబ్దాల క్రితమే ఒక సంఘంగా ఏర్పడ్డారు. ఏటా కొంత రుసుము చెల్లించి, తమ ఇళ్ళు విడవకుండానే రాకపోకలకు, చిన్నచిన్న మరమ్మతులకు, తోడుకు ఏర్పాట్లు చేసుకున్నారు. వారు తమ సంఘానికి పెట్టుకున్న పేరులో పల్లె అన్న అర్థమిచ్చే మాట ఉంది. మహానగరంలో ఉన్నవారు వెదుక్కున్నది పల్లెనే.

తెలుగునాట కూడా ఇందుకు పునాదులు లేకపోలేదు. పొదుపు సంఘాల మహిళలు వీధివీధినా ఉన్నారు. రోజుకొక్క రూపాయి దాచుకుంటే ప్రభుత్వమూ అంతే జమచేసి, 60 ఏళ్ళు నిండాక పింఛను ఇచ్చే అభయహస్తం పథకం 2009లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చింది. ముసలితనం గురించి నడివయసులోనే, అదీ పదిమందితో కలిసి ఆలోచించవచ్చునని ఆ పథకం నేర్పింది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 ఫిబ్రవరి నుంచి పింఛను సొమ్మును లబ్ధిదారుల ఇంటికే తెచ్చి ఇచ్చే పద్ధతి మొదలైంది. అందులో సొమ్ముతోబాటు మరొక లాభం ఉంది. నెలకొక్కసారైనా ఒక మనిషి వచ్చి తలుపు తడతాడు. ఆ తట్టడం నెలకొకసారి కాక రోజుకొకసారి జరిగితే ఎలా ఉంటుందో ఆలోచించాలి.

అత్వెల్లి వంటి ఊరిలో ఈ పనికి పెద్ద భవనాలు, నిధులు అక్కరలేదు. పది పదిహేను ఇళ్ళకొక జట్టు చాలు. పొదుపు సంఘంలోని ఒక మహిళ, కాలనీ సంఘం నుంచి ఒకరు, ఒక విద్యార్థి అందులో ఉంటే సరిపోతుంది. ఆ ఇళ్ళలోని ఒంటరి వృద్ధుల పేర్లు, వారి పిల్లల ఫోన్ నంబర్లు, వాడే మందులు, వెళ్ళే ఆసుపత్రి వారి సమ్మతితోనే ఒక పుస్తకంలో రాసి ఉంచుకోవాలి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పలకరించాలి. పింఛను రోజున తపాలా కార్యాలయానికో బ్యాంకుకో తోడు వెళ్ళాలి. బీపీ, షుగరు పరీక్షల రోజును ఆశా కార్యకర్త ద్వారా తెలుసుకొని గుర్తుచేయాలి. స్నానాల గదిలో పట్టుకోవడానికి ఒక కడ్డీ, నునుపు తగ్గించిన గచ్చు, రాత్రి వెలిగే చిన్న దీపం ఏర్పాటు చేస్తే ఎన్నో తుంటి ఎముకలు విరగకుండా మిగులుతాయి. ఇవన్నీ చిన్న పనులే. వీటిలో ఒక్కటైనా అమెరికా నుంచి ఫోన్‌లో చేయగలిగింది కాదు.

ఈ ఆలోచనకు అభ్యంతరాలు లేకపోలేదు. పొరుగువారు చూసుకుంటారని తెలిస్తే పిల్లలు బాధ్యత నుంచి తప్పుకుంటారని కొందరంటారు. కాని జరిగేది దీనికి భిన్నంగా ఉండవచ్చు. ఎవరూ చూడని ఇంట్లోనే నిర్లక్ష్యం పెరుగుతుంది. నాలుగు కళ్ళు కనిపెడుతున్నచోట కొడుకు ఫోన్ చేయడం మానితే అడిగేవారుంటారు. అపరిచితులు ఇంట్లోకి వస్తే ఒంటరివారి సొమ్ముకు, ప్రాణానికి ముప్పు కదా అని మరికొందరి సందేహం. అది నిజమైన భయమే. అందుకే ఒక్క వ్యక్తి మీద కాక జట్టు మీద ఆధారపడాలి. డబ్బు లావాదేవీలలో ఎప్పుడూ ఇద్దరు సాక్షులుండాలి. ఆస్తి పత్రాల జోలికి జట్టు పోరాదు. ఇంకొక ప్రమాదం ఎవరూ చెప్పనిది. సేవ పేరిట భారమంతా మళ్ళీ ఆడవారి మీదనే పడవచ్చు. పలకరింపు ఎవరైనా ఉచితంగా చేయవచ్చు గాని, మంచం పట్టినవారికి రోజూ స్నానం చేయించి అన్నం తినిపించేవారికి న్యాయమైన వేతనం ఇవ్వాలి. దూరాన ఉండి సంపాదిస్తున్న పిల్లలు, పంచాయతీలు, పురపాలక సంఘాలు ఆ ఖర్చు భరించడం ధర్మం.

అన్నిటికంటె ముఖ్యమైనది వృద్ధుల ఆత్మగౌరవం. వారిని ఎప్పుడూ చేయిచాచి పుచ్చుకునేవారిగానే చూస్తే ఎంత సాయం చేసినా అది వారిని కుంగదీస్తుంది. ఇయ్యగలిగింది వారి దగ్గర ఎంతో ఉంది. తల్లిదండ్రులు పనికి పోయిన ఇంట, బడి నుంచి వచ్చిన పిల్లలను పొద్దుగూకే దాకా చూసుకోగలరు. ఊరి కుంటకు నీరు ఏ వాలు నుంచి వచ్చేదో పాత రైతుకు తెలుసు. ఆ కాలువను పూడ్చి ఇల్లు కట్టినవానికి తెలియదు. కొత్త కాలనీలోని విశ్రాంత ఉపాధ్యాయుడు పాత వీధి ముసలమ్మకు బ్యాంకు కాగితం చదివిపెట్టగలడు. ఆమె అతని ఇంటికి సంకటి ఎలా వండాలో, పసిబిడ్డ ఏడుపు ఎలా మాన్పాలో నేర్పగలదు. ఇచ్చిపుచ్చుకోవడం ఉన్నచోట దయాదాక్షిణ్యాల మాట రాదు. సొమ్ము ఉండి ఊరు లేనివారికీ, ఊరు ఉండి సొమ్ము లేనివారికీ మధ్య ఉన్న ఆ వీధి దూరం తగ్గేది అప్పుడే.

కౌశికుడు మరలివచ్చి తల్లిదండ్రులను చేరుకున్నాడు. ఈనాటి కౌశికులలో కొందరు రాగలరు, ఎందరో రాలేరు. రాలేనివారిని నిందిస్తూ కూర్చుంటే ముసలివారి కడుపు నిండదు. ఏ ఊరి కొడుకు ఎక్కడ ఉన్నా, అతడున్నచోట ఎవరో ఒక పెద్దావిడ ఎదురింట్లో ఉంటుంది. ఆమె పిల్లలు మరొక ఊళ్ళో ఉంటారు. ప్రతివారూ తమ ఎదురింటి గడపను కనిపెట్టుకొని ఉంటే, దూరాన ఉన్న తమ తల్లి గడపను కనిపెట్టేవారు కూడా దొరుకుతారు. ఇది మొదలుపెట్టడానికి ఉత్తర్వులు రానక్కరలేదు. రేపటి ఉదయం కళాశాలకు బయలుదేరే విద్యార్థి ఎదురింటి వాకిట్లో ముగ్గు పడిందో లేదో ఒక్కసారి చూడాలి. పడకపోతే ఆగి తలుపు తట్టాలి.

ప్రశ్నలు

1. కౌశికుని కథ ఆధారంగా నేటి కుటుంబాల పరిస్థితిని వివరించండి.
2. వృద్ధుల విషయంలో చట్టాలకు, పింఛన్లకు ఉన్న హద్దులను పాఠం ఆధారంగా చర్చించండి.
3. పూర్వపు గ్రామజీవనంలోని ఆత్మీయతను, అన్యాయాన్ని తెలపండి.
4. మీ వీధిలో ఒంటరిగా ఉంటున్న వృద్ధులకు తోడ్పడే జట్టును ఎలా ఏర్పాటు చేస్తారో రాయండి.